తొలి ఆర్‌సీ విమానం 12 వేల లోపు: తిరుపతి, చిత్తూరు వాళ్ళు ఏం కొనాలి, ఏ వరసలో కొనాలి

కొత్తగా ఆర్‌సీ విమానం (రేడియోతో దూరం నుంచి నడిపే చిన్న విమానం) కొనేవాళ్ళు చాలామంది ముందు చూడ్డానికి బాగున్న విమానాన్ని ఎంచుకుంటారు. మిగిలిన డబ్బుతో రేడియో (చేతిలో పట్టుకుని విమానాన్ని నడిపే రిమోట్), ఛార్జర్ ఎలాగో సర్దుకుంటారు. ఈ వరసను తిరగెయ్యాలి. మొదటి విమానం ఎటూ పగులుతుంది. మంచి రేడియో, ఛార్జర్ మాత్రం ఆ తర్వాత కొనే నాలుగైదు విమానాలకూ పనికొస్తాయి. పగిలిన రెక్కను ఆ సాయంత్రమే అతికించుకుని మర్నాడు పొద్దున్నే మళ్ళీ ఎగరేస్తే చెయ్యి తిరుగుతుంది. విడిభాగం ఎక్కడినుంచో రావాలని మూడు వారాలు కూర్చుంటే నేర్చుకున్నదీ పోతుంది. అందుకే మన ఊరి స్టేషనరీ షాపు, హార్డ్‌వేర్ షాపు సరుకుతో బాగుచేసుకోగలిగిన విమానాన్నే ఎంచుకోమని ఇక్కడ చెబుతున్నాం.

1. ఎక్కడ ఎగరేస్తారో తేల్చుకోండి

విమానం సైజు స్థలాన్ని బట్టి ఉంటుంది. మీటరు, మీటరున్నర రెక్కలున్న విమానానికి కనీసం 150 మీటర్ల పొడవు, 60 మీటర్ల వెడల్పున్న ఖాళీ జాగా కావాలి. కాలనీలో ఖాళీ ప్లాట్లు, స్కూలు ఆటస్థలం సరిపోవు.

తిరుపతి వాళ్ళు ముందు చూసుకోవాల్సింది రేణిగుంట విమానాశ్రయం. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం ఎయిర్‌పోర్టు ప్రహరీ నుంచి 8 కి.మీ. లోపల అనుమతి లేకుండా ఏదీ ఎగరెయ్యకూడదు. 8 నుంచి 12 కి.మీ. మధ్య 60 మీటర్ల ఎత్తు దాకా, ఆ పైన దూరంలో 120 మీటర్ల దాకా గ్రీన్ జోన్, అంటే అనుమతి అక్కర్లేని చోటు. కచ్చితమైన హద్దులు డిజిటల్ స్కై అనే ప్రభుత్వ వెబ్‌సైట్ మ్యాపులో రంగులతో కనిపిస్తాయి, బయల్దేరే ముందు ఆ మ్యాపు తెరవండి. తిరుమల కొండ జోలికి అసలు పోవద్దు, అక్కడ డ్రోన్లు నిషేధం, మీది డ్రోన్ కాదు బొమ్మ విమానం అంటే ఎవరూ వినరు. గాదంకిలో వాతావరణ పరిశోధనశాల రాడార్ ఉన్న చుట్టుపక్కల కూడా వద్దు. 2 కిలోల లోపు బరువున్న విమానాన్ని వ్యాపారానికి కాకుండా ఎగరేసేవాళ్ళకు పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు గానీ, రిజిస్ట్రేషన్ సంగతి విమానయాన శాఖ (డీజీసీఏ) పోర్టల్లో చూసుకోవాలి.

ఇవన్నీ పక్కన పెడితే చంద్రగిరి దాటి పడమరకు పోయేకొద్దీ జాగా సులువుగా దొరుకుతుంది. చిత్తూరు వైపు ఎయిర్‌పోర్టు బెడద లేదు, ఉన్న బెడదల్లా మామిడి తోటలు, గుండ్రాళ్ళు, బోరు మోటర్ల కోసం పొలాలకు అడ్డంగా లాగిన కరెంటు తీగలు. ఎండిన చెరువు, చెనిక్కాయ పీకేసిన చేను బాగా పనికొస్తాయి, రైతును అడిగి దిగండి. చెరువులో సర్కారు తుమ్మ కంప మొలిచిన వైపు ఎగరెయ్యకండి. ఫోమ్ రెక్కను ఆ ముళ్ళలోంచి లాగేటప్పుడు జరిగే నష్టం నేలమీద పడితే జరిగేదానికంటే ఎక్కువ. స్వర్ణముఖి ఇసుక మెత్తగా ఉంటుంది కాబట్టి దిగడానికి హాయి, కానీ ఇసుక రేణువులు మోటర్లో దూరి గరగరమంటాయి. దిగిన ప్రతిసారీ మోటరును చేత్తో తిప్పి చూసి, బ్లోయరుతో ఊదాలి. తీగల మీద విమానం చిక్కుకుంటే కర్ర పెట్టి తియ్యొద్దు, లైన్‌మన్‌కు చెప్పండి. చెప్పే ధైర్యం లేకపోతే విమానం వదులుకోండి.

2. రేడియో

పెట్టే డబ్బులో దాదాపు సగం దీనికే పోతుంది. ఫ్లైస్కై ఎఫ్‌ఎస్-ఐ6, దాంతో వచ్చే ఐఏ6బీ రిసీవర్ (విమానంలో ఉండి రేడియో సంకేతాలు అందుకునేది) కలిపి 4,500 నుంచి 5,500 రూపాయల మధ్య ఆన్‌లైన్లో దొరుకుతాయి. ఆరు ఛానెళ్ళు, 2.4 గిగాహెర్ట్జ్, నాలుగు ఏఏ సెల్స్‌తో పనిచేస్తుంది. ఇంతకంటే ఖరీదైంది ఇప్పుడు అక్కర్లేదు. ఇంతకంటే చవకది కొంటే ఆర్నెల్లలో మళ్ళీ ఇదే కొనాల్సి వస్తుంది. కొనేటప్పుడు మోడ్ 2 అని చూసుకోండి, అందులో థ్రాటిల్ (మోటరు వేగం పెంచే, తగ్గించే స్టిక్) ఎడమ చేతికి ఉంటుంది. మన దగ్గర ఎక్కువమంది నేర్చుకునేది, నేర్పేది అదే.

దీని వెనక ట్రైనర్ సాకెట్ ఉంటుంది. ఓ 500 రూపాయల సిమ్యులేటర్ కేబుల్‌తో కంప్యూటరుకు తగిలిస్తే, ఉచితంగా దొరికే పికాసిమ్ లాంటి సిమ్యులేటర్లో ఎగరేసుకోవచ్చు. విమానం మీకేసి వస్తున్నప్పుడు కుడి ఎడమవుతుంది, ఎడమ కుడవుతుంది. కొత్తవాళ్ళ విమానాలు ఎక్కువ పడేది అక్కడే. ఆ తికమక పోయేదాకా సిమ్యులేటర్లో కనీసం పది గంటలు గడపండి. మిగతా సామాను రాకముందే రేడియో ఒక్కటీ తెప్పించుకోమనడానికి కారణం ఇదే: కొరియర్ కోసం ఎదురుచూసే ఆ రెండు వారాలూ వృథా పోవు.

3. విమానం ఆకారం

చూడాల్సినవి కొన్నే. రెక్క పైన ఉండాలి. రెండు రెక్కలూ కొసల వైపు కాస్త పైకి లేచి ఉండాలి. ఒక్కో కొస 40-50 మి.మీ. లేస్తే చాలు. అలా లేచిన రెక్క, స్టిక్ వదిలేస్తే తనంతట తనే నిటారుకు వస్తుంది. రెక్కల మొత్తం పొడవు 1000 నుంచి 1200 మి.మీ. అంతకంటే చిన్నదైతే గాలికి అల్లాడిపోతుంది, వంద మీటర్ల దూరంలో ఎటు తిరిగి ఉందో కంటికి ఆనదు.

అన్నిటికంటే ముఖ్యం రెక్క వైశాల్యానికి బరువు ఎంత అన్నది. లెక్క సులువు. 1200 మి.మీ. పొడవు, 200 మి.మీ. వెడల్పు రెక్క అంటే 24 చదరపు డెసిమీటర్లు. బ్యాటరీతో సహా విమానం 720 గ్రాములుంటే, ఒక్కో చదరపు డెసిమీటరుకు 30 గ్రాములు పడుతుంది. అలాంటి విమానం గంటకు 25 కి.మీ. దగ్గర స్టాల్ అవుతుంది, అంటే వేగం అంతకు తగ్గితేనే రెక్కకు లేపే బలం పోతుంది; అందాకా నెమ్మదిగా కూడా గాల్లో నిలబడుతుంది, పరుగెత్తి విసిరితే ఎగిరిపోతుంది. అదే 45 గ్రాములైతే స్టాల్ వేగం 30 కి.మీ. దాటుతుంది. చేత్తో విసిరిన వేగం చాలదు, ముక్కు దించి నేలకు కొట్టుకుంటుంది. 35 గ్రాములు దాటిన విమానాన్ని మొదటిదిగా కొనొద్దు. అమ్మేవాడు బరువు, రెక్క కొలతలు చెప్పలేకపోతే అక్కడితో ఆపెయ్యండి.

కంట్రోల్ మూడు చాలు: థ్రాటిల్, ఎలివేటర్ (తోక మీద అడ్డంగా ఉండి ముక్కును పైకీ కిందికీ తిప్పే పలక), రడ్డర్ (తోక మీద నిలువుగా ఉండి అటూఇటూ తిప్పే పలక). ఎయిలరాన్లు (రెక్కల వెనకంచున కదిలే పలకలు) లేకపోతే రెండు సర్వోల (పలకల్ని కదిపే చిన్న మోటర్ల) ఖర్చు, రెండు చోట్ల పగిలే అవకాశం తగ్గుతాయి. ఇక్కడొక కిటుకుంది. రడ్డర్ సర్వోను రిసీవర్లో నాలుగో ఛానెల్‌కు కాకుండా ఒకటో ఛానెల్‌కు పెట్టండి. అప్పుడు తిరగడం, లేవడం రెండూ కుడిచేతి స్టిక్ మీదికే వస్తాయి. రేపు ఎయిలరాన్లున్న విమానం కొన్నా చేతి అలవాటు మారదు.

కొనకూడనివి కూడా చెప్పాలి. యుద్ధ విమానాల ఆకారాలు, కింది రెక్క విమానాలు, రెండు మోటర్ల వేగం తేడాతో మాత్రమే తిరిగే 2,000 రూపాయల బొమ్మలు. ఆ చివరివాటికి ఎలివేటర్ ఉండదు, కాస్త గాలి వీస్తే అవెటు పోతాయో వాటికే తెలీదు. గైరో (విమానం వాలితే దానంతటదే సరిచేసే పరికరం) ఉన్న చిన్న రెడీమేడ్ విమానాలు, వొలాంటెక్స్ వాళ్ళవి లాంటివి, నేర్చుకోడానికి నిజంగానే సులువు. డబ్బు ఉండి, చేతిపని మీద ఆసక్తి లేకపోతే తీసుకోండి. మా అభ్యంతరం ఒక్కటే: తోక విరిగితే ఆ తోకే కావాలి, అది ఇక్కడ దొరకదు.

4. కొనాలా, కట్టుకోవాలా

మా ఓటు కట్టుకోవడానికే. ఫోమ్ షీట్ మీద గీసి కట్టర్‌తో కోసుకునే ట్రైనర్ (నేర్చుకునేవాళ్ళ విమానం) ప్లాన్లు ఉచితంగా దొరుకుతాయి, ఫ్లైట్ టెస్ట్ అనే వెబ్‌సైట్ వాళ్ళవి బాగుంటాయి. రెండు మూడు సాయంత్రాల పని. మీరే కట్టిన దాన్ని మీరే బాగుచేసుకోగలరు.

చిక్కంతా షీట్ దగ్గరే వస్తుంది. ఫ్లెక్సీలు వేసే షాపులో 'ఫోమ్ బోర్డు' అడిగితే సన్‌బోర్డ్ ఇస్తారు. అది పీవీసీ, గట్టిగా నున్నగా చూడముచ్చటగా ఉంటుంది, విమానానికి మాత్రం పనికిరాదు. పరీక్ష ఇది: 30 సెం.మీ. చదరం ముక్క కోసి వంటింటి త్రాసు మీద పెట్టండి. 40 గ్రాముల లోపుంటే వాడొచ్చు. సన్‌బోర్డ్ అయితే 100 దాటిపోతుంది. రెండు వైపులా కాగితం, మధ్యలో ఫోమ్ ఉన్న 5 మి.మీ. బోర్డు ఆర్ట్ సామాన్ల షాపుల్లో ఉంటుంది, అది సరైనది. లేకపోతే ఆన్‌లైన్లో ఈపీపీ అనే రకం ఫోమ్ షీట్ తెప్పించుకోండి, వంగుతుంది గానీ విరగదు. మామూలు థర్మకోల్ పెళుసు, మొత్తం టేపు చుడితే తప్ప ఆగదు. టేపు కూడా బరువే. తోక దగ్గర పెరిగిన ఒక్కో గ్రాముకు తూకం కోసం ముక్కు దగ్గర రెండు మూడు గ్రాములు కలపాల్సి వస్తుంది.

జిగురు విషయంలో తొందరపడొద్దు. ఫెవిక్విక్, ఫెవికాల్ ఎస్‌ఆర్ రెండూ థర్మకోల్‌ను కరిగించి గుంట చేస్తాయి. ఈపీపీకి ఫెవిక్విక్ బాగా పడుతుంది. కాగితం ఫోమ్ బోర్డుకు హాట్ గ్లూ వేగంగా పట్టేస్తుంది, కానీ మే నెలలో అద్దాలు మూసిన కారులో విమానం పెట్టి టిఫిన్‌కు వెళ్ళొస్తే అది మెత్తబడి అతుకులు వదిలేస్తాయి. అందుకే మోటరు బిగించే ప్లైవుడ్ ముక్కకు మాత్రం తప్పకుండా ఆరల్‌డైట్ వాడండి. గాల్లో మోటరు ఊడితే ఆ విమానానికి ఇక మరమ్మతు ఉండదు.

రెక్క లోపల 6 మి.మీ. కార్బన్ గొట్టమో, తిన్నని వెదురు బద్దో పొడవునా పెట్టాలి. ఇది లేకపోతే డైవ్ నుంచి పైకి లాగినప్పుడు రెక్క మధ్యలో మడతపడుతుంది. రెక్కను స్క్రూలతో బిగించకండి. ఫ్యూజ్‌లాజ్‌లో (విమానం మొండెంలో) అడ్డంగా రెండు వెదురు పుల్లలు దూర్చి, రబ్బరు బ్యాండ్లతో కట్టండి, అటు మూడు, ఇటు మూడు, మధ్యలో అడ్డంగా రెండు. కొట్టుకున్నప్పుడు రబ్బర్లు ఊడి రెక్క ఎగిరి పక్కన పడుతుంది, పగలదు. ఎలివేటర్‌కు లింకుగా బైండింగ్ వైరు వద్దు, అది నొక్కుడుకు వంగిపోతుంది, లాగిన ఎలివేటర్ వెనక్కి రాదు. 1.2 మి.మీ. స్టీల్ పియానో వైరో, సైకిల్ స్పోకో వాడండి.

5. మోటరు, ప్రొపెల్లర్, బ్యాటరీ: జత కుదరాలి

ఎ2212 అనే మోటరు మన దేశంలో ఎక్కడైనా దొరుకుతుంది. చవక, పైగా పోయినా ఏడుపు రాదు. అదే పేరుతో ఎక్కువగా కనిపించే రకాలు మూడు: 1000, 1400, 2200 కేవీ. కేవీ అంటే ఒక వోల్టుకు నిమిషానికి తిరిగే చుట్లు. 700 గ్రాముల ట్రైనర్‌కు 1000 కేవీ తీసుకోండి. 3ఎస్ (మూడు సెల్స్) బ్యాటరీ, 10 అంగుళాల 4.5 పిచ్ (ఒక చుట్టుకు ఎన్ని అంగుళాలు ముందుకు సాగుతుందో చెప్పే కొలత) ప్రొపెల్లర్ పెడితే 800 గ్రాముల దగ్గర్లో థ్రస్ట్ (ముందుకు లాగే బలం) వస్తుంది. ట్రైనర్‌కు దాని బరువులో 70 శాతం చాలు కాబట్టి ఇది ధారాళం. ఈఎస్‌సీ (మోటరు వేగాన్ని అదుపు చేసే సర్క్యూట్) 30 యాంపులది.

ఎక్కువ కేవీ అంటే ఎక్కువ బలం అనుకుని 2200 కేవీ తెచ్చి, దానికి అదే 10 అంగుళాల ప్రొపెల్లర్ తగిలించేవాళ్ళు ఉంటారు. ఒక నిమిషంలోపే మోటరు వైండింగ్ వాసన వస్తుంది, ఈఎస్‌సీ కూడా దాంతో పోతుంది. 2200 కేవీకి 6 అంగుళాలది, 1400 కేవీకి 8 అంగుళాలది తప్ప పెట్టకూడదు.

ప్రొపెల్లర్లు ఐదారు ఒకేసారి కొనండి. చక్రాలు పెట్టకుండా పొట్ట మీద దించే విమానాలివి, మన రాళ్ళ నేలల్లో చక్రాలు ఎటూ నిలవవు. ప్రొపెల్లర్‌ను నట్టుతో కాకుండా రబ్బరు రింగుతో పట్టి ఉంచే ప్రాప్ సేవర్ మీద పెడితే, నేల తగిలినప్పుడు అది వెనక్కి వాలి బతికిపోతుంది. బిగించేటప్పుడు అంకెలు రాసి ఉన్న వైపు విమానం ముందుకు చూడాలి. వెనకాముందు పెట్టినా అది తిరుగుతుంది, గాలీ కొడుతుంది, థ్రస్ట్ మాత్రం బాగా తగ్గి విసిరిన చోటే కూలుతుంది. మోటరు ఉల్టా తిరుగుతుంటే మూడు తీగల్లో ఏవైనా రెండింటిని మార్చి పెట్టండి.

బ్యాటరీ 3ఎస్ 2200 ఎంఏహెచ్, 25 సీ లేదా 30 సీ (ఎంత వేగంగా కరెంటు ఇవ్వగలదో చెప్పే అంకె). 180 గ్రాములు అటూఇటూగా ఉంటుంది, ధర 1,500 నుంచి 2,000. సగటున 8 యాంపులు లాగుతుందనుకుంటే, ఐదింట నాలుగు వంతులు వాడినా 13 నిమిషాలు వస్తుంది. మీరు మాత్రం టైమర్ 8 నిమిషాలకు పెట్టుకోండి. ఇలాంటి లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీలో ఒక్కో సెల్ నిండితే 4.2 వోల్టులు, వాడాక 3.5 కంటే కిందికి పోనివ్వకూడదు. వంద రూపాయల లో-వోల్టేజ్ అలారం దానికే. వారం రోజులు ఎగరెయ్యకపోతే 3.8 దగ్గర ఉంచండి. నిండా ఛార్జ్ చేసి మే ఎండల్లో షెల్ఫు మీద వదిలేస్తే ఉబ్బుతుంది. ఉబ్బినదాన్ని మళ్ళీ ఛార్జింగ్‌కు పెట్టొద్దు.

ఛార్జర్ రెండు రకాలు. నేరుగా ప్లగ్గులో పెట్టే బీ3 ఆరేడు వందలకు వస్తుంది, ఈ బ్యాటరీని నింపడానికి మూడు గంటలకు దగ్గరగా పడుతుంది. ఐమ్యాక్స్ బీ6 రకం 2.2 యాంపుల మీద గంటలో నింపుతుంది, సెల్ వోల్టేజీలు చూపిస్తుంది, బ్యాటరీని 3.8 దగ్గర ఉంచే స్టోరేజ్ మోడ్ ఉంటుంది. కానీ చాలా బీ6లతో 12 వోల్టుల అడాప్టర్ రాదు, విడిగా కొనాలి. ఈ సంగతి డబ్బా విప్పాకే తెలిసి విసుక్కునేవాళ్ళు ఎక్కువ. ఏదైనా సరే, మనిషి పక్కన లేకుండా, పరుపు మీదో సోఫా మీదో పెట్టి ఛార్జ్ చెయ్యకండి.

సర్వోలు ఎస్‌జీ90, రెండు కావాలి, మూడోది స్పేర్. ఈఎస్‌సీకి ఎక్స్‌టీ60 కనెక్టర్ మీరే సోల్డర్ చేసుకోవాల్సి రావచ్చు. రేడియో మెకానిక్ దగ్గరుండే 25 వాట్ల ఐరన్ ఆ లావు తీగను వేడెక్కించలేదు, 60 వాట్లది కావాలి. చల్లటి అతుకు గాల్లో ఊడితే రిసీవర్‌తో సహా అంతా ఆగిపోతుంది.

మొత్తం లెక్క ఇలా తేలుతుంది: రేడియో 5,000, బీ3 ఛార్జర్ 700, బ్యాటరీ 1,800, మోటరు ఈఎస్‌సీ 1,000, సర్వోలు 400, ప్రొపెల్లర్లు 350, ఫోమ్, జిగురు, బద్దలు 750, కేబుల్, అలారం 600. అటూఇటూగా 10,600. మిగిలిన డబ్బుతో బీ6 తీసుకోవడం మేలు, రెండో బ్యాటరీ తర్వాత చూసుకోవచ్చు. బ్యాటరీలు రోడ్డు మార్గాన వస్తాయి కాబట్టి మిగతా వస్తువులకంటే ఆలస్యమవుతాయి, ముందే ఆర్డర్ పెట్టండి. చిన్నాచితకా కనెక్టర్లు, తీగలకు చెన్నై రిచీ స్ట్రీట్ ఉండనే ఉంది, కానీ వాటికోసమే బస్సెక్కితే ఛార్జీలు సరుకును మించిపోతాయి.

ఇంజనీరింగ్ కాలేజీ వర్క్‌షాపుల్లో వాడి మూల పడేసిన సెట్లు సీనియర్ల దగ్గర సగం ధరకు దొరుకుతుంటాయి. రేడియో, మోటరు, సర్వోలు తీసుకోవచ్చు. మోటరును వేళ్ళతో తిప్పితే గరగర ఉండకూడదు, సర్వో ఊరికే వణక్కూడదు. పాత బ్యాటరీ మాత్రం ఉచితంగా ఇచ్చినా ఆలోచించండి: సెల్స్ మధ్య తేడా 0.03 వోల్టులు దాటినా, వేలితో నొక్కితే మెత్తగా తగిలినా వద్దు.

6. విసిరే ముందు

బరువు కేంద్రం సరిచూడండి. 200 మి.మీ. రెక్కకు ముందంచు నుంచి 55 మి.మీ. దగ్గర రెండువైపులా వేలి కొనలతో ఎత్తితే ముక్కు కొంచెం కిందికి వాలాలి. తోక వాలితే బ్యాటరీని ముందుకు జరపండి. ముక్కు బరువైతే విమానం బద్ధకంగా ఎగురుతుంది, అంతే. తోక బరువైతే విసిరిన మరుక్షణం నిలువునా లేచి, స్టాలై పడుతుంది. మోటరు 2-3 డిగ్రీలు కిందికి, 2 డిగ్రీలు కుడికి చూసేలా బిగించాలి. ఎలివేటర్ పైకీ కిందికీ 12 మి.మీ., రడ్డర్ అటూఇటూ 25 మి.మీ., ఎక్స్‌పో (స్టిక్ మధ్యలో కదలికను మెత్తబరిచే రేడియో సెట్టింగు) 30 శాతం.

ప్రొపెల్లర్ తీసేసి ఫెయిల్‌సేఫ్ (సిగ్నల్ పోతే మోటరు ఆగే ఏర్పాటు) పరీక్ష చెయ్యండి. మోటరు తిరుగుతుండగా రేడియో ఆపెయ్యండి, మోటరు ఆగిపోవాలి. ఆగకపోతే ఎఫ్‌ఎస్-ఐ6 మెనూలో థ్రాటిల్ ఫెయిల్‌సేఫ్ సున్నాకు పెట్టుకోవాలి. కుడికి స్టిక్ జరిపితే రడ్డర్ వెనకంచు కుడికే పోవాలి. స్టిక్ మీవైపు లాగితే ఎలివేటర్ పైకి లేవాలి. ఇది మాత్రం ప్రతి ఫ్లయిట్‌కు ముందూ చూడాలి.

పొద్దున 6 నుంచి 8 మధ్య వెళ్ళండి. వేపాకులు కదులుతూ కొమ్మలు కదలకుండా ఉంటే ఎగరెయ్యొచ్చు, చిన్న కొమ్మలు ఊగుతుంటే ఇంటికి రండి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా గాలి పడమటినుంచి వస్తుంది. పొద్దున పడమరకు తిరిగి నిలబడితే ఎండ వీపుకు, గాలి మొహానికి తగులుతుంది, విసరడానికి ఇంతకంటే అనుకూలం ఉండదు. శేషాచలం కొండ పాదం దగ్గర ఉత్తరపు గాలి వీచే రోజుల్లో ఎగరెయ్యకండి, కొండ దాటి దిగే గాలి సుడి తిరుగుతూ విమానాన్ని నేలకు తొక్కేస్తుంది.

విసిరేవాళ్ళు ఒకరు, రేడియో పట్టేవాళ్ళు ఒకరు ఉండాలి. మూడొంతుల థ్రాటిల్ మీద, భుజం ఎత్తునుంచి, నేలకు సమాంతరంగా, గాలికి ఎదురుగా విసరాలి. పైకి విసిరితే వేగం చచ్చి స్టాలవుతుంది. 30 మీటర్ల ఎత్తుకు వెళ్ళేదాకా తిప్పొద్దు. ఆ తర్వాత థ్రాటిల్ సగానికి తగ్గించి, పెద్ద పెద్ద చుట్లు తిప్పండి. దారి తప్పుతోందనిపిస్తే థ్రాటిల్ తగ్గించి స్టిక్స్ వదిలెయ్యండి, ఎత్తుంటే లేచిన రెక్కలే దాన్ని సరిచేస్తాయి. కూలడం ఖాయమని తెలిసిన క్షణం థ్రాటిల్ సున్నా చెయ్యాలి. తిరుగుతున్న ప్రొపెల్లర్ నేలకు ఇరుక్కుంటే కాలేది ఈఎస్‌సీ.

పడ్డాక ఫోమ్ ముక్కలన్నీ ఏరుకోండి, ఎంత చిన్నవైనా. అవి ఒకదానికొకటి కచ్చితంగా కూర్చుంటాయి, కొత్త ముక్క కోసి అమర్చేదానికంటే బలంగా అతుకుతాయి. ముక్కు భాగం మూడు నాలుగు సార్లు అతికించాక జిగురు బరువే పెరిగిపోతుంది. అప్పుడు ముక్కును మాత్రం కోసేసి కొత్తది కట్టుకోండి, రెక్క, తోక, ఎలక్ట్రానిక్స్ అలాగే ఉంచండి.